మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి

ఏ సీరియల్‌నైనా మొదటి ఎపిసోడ్ నుంచే చూడమని చెబుతారు. ‘బ్లాక్ మిర్రర్’ అభిమానులు మాత్రం కొత్తగా చూడబోయేవాళ్లకు ఆ మొదటిది ఇప్పుడే వద్దంటారు. 2011 డిసెంబర్ 4న బ్రిటన్‌లో ఛానల్ 4 ప్రసారం చేసిన ఆ తొలి కథ పేరు ‘ది నేషనల్ ఆంథెమ్’. రాజకుటుంబానికి చెందిన అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోతారు. ఆమె ప్రాణాలతో తిరిగి రావాలంటే దేశ ప్రధాని టీవీలో, జనమంతా చూస్తుండగా, ఒక పందితో చేయరాని పని చేయాలని షరతు పెడతారు. పొద్దున నవ్వులాటగా మొదలైన విషయం సాయంత్రానికి నిజంగానే జరిగేదాకా వెళ్తుంది. ప్రసారం మొదలయ్యేసరికి వీధుల్లో పురుగు కూడా ఉండదు. అందరూ టీవీల ముందే కూర్చుని ఉంటారు. కథ గట్టిదే. కానీ కడుపులో తిప్పి అక్కడితో ఆపేసినవాళ్లు చాలామంది. వాళ్లంతా ఆ తర్వాతి మంచి కథలను పోగొట్టుకున్నట్టే.

అదృష్టవశాత్తూ ఈ సీరియల్‌ను వరసగా చూడాల్సిన పని లేదు. ఇది ఆంథాలజీ. ఒక ఎపిసోడ్‌కూ మరో ఎపిసోడ్‌కూ కథలో సంబంధం ఉండదు. నటులు మారతారు, దర్శకుడు మారతాడు, కాలం మారుతుంది, చివరికి ప్రపంచమే మారిపోతుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏడో సీజన్‌తో కలిపి మొత్తం 33 ఎపిసోడ్లు. 2018లో వచ్చిన ‘బ్యాండర్‌స్నాచ్’ అనే సినిమా వీటికి అదనం. ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, దేన్నైనా వదిలేయవచ్చు. అందుకే కొత్త సీజన్ వచ్చిన ప్రతిసారీ సినిమా విమర్శకుల నుంచి మామూలు ప్రేక్షకుల దాకా అందరూ ర్యాంకులు ఇవ్వడానికి సిద్ధమవుతారు. ఏది మొదటిది, ఏది ఆఖరిది అని వాదులాడుకుంటారు. ఈ వాదన ఊసుపోక చేసేది కాదు. ఏ కథ ముందు చేతికి అందుతుందో దాన్నిబట్టే చూసేవాళ్లు నిలబడతారు, లేదా పారిపోతారు.

దీని సృష్టికర్త చార్లీ బ్రూకర్ వీడియో గేమ్‌ల సమీక్షకుడిగా మొదలై, ‘ది గార్డియన్’ పత్రికలో టీవీ కార్యక్రమాల మీద పదునైన కాలమ్ రాసి పేరు తెచ్చుకున్నాడు. మన ‘బిగ్ బాస్’కు మూలమైన ‘బిగ్ బ్రదర్’ ఇంట్లో జాంబీల గోల రేగితే ఎలా ఉంటుందో 2008లో ‘డెడ్ సెట్’ అనే సీరియల్‌గా రాశాడు. తెరకు అతుక్కుపోయే మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించినవాడు కాబట్టి, ఆ తెరల గురించే కథలు అల్లాడు. నిర్మాణంలో అతనికి తోడు అనబెల్ జోన్స్. ఈ సీరియల్‌కు ఆదర్శం 1959 నుంచి 1964 దాకా అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన ‘ది ట్వైలైట్ జోన్’. దాన్ని నడిపిన రాడ్ సెర్లింగ్ అంతకుముందు జాతి వివక్ష గురించి సూటిగా నాటకాలు రాస్తే ప్రకటనలిచ్చే కంపెనీలు, ఛానళ్లు కత్తెర వేశాయి. దాంతో ఆయన అవే మాటల్ని గ్రహాంతరవాసుల చేత, రోబోల చేత చెప్పించాడు. 156 ఎపిసోడ్లు అలా నడిచాయి. బ్రూకర్ ఆ దారినే పట్టి, ఆయుధంగా మాత్రం మన జేబులో ఉండే ఫోన్‌ను ఎంచుకున్నాడు. మొదటి రెండు సీజన్లు, 2014 క్రిస్మస్ ప్రత్యేక ఎపిసోడ్ ఛానల్ 4లో వచ్చాయి. 2016 నుంచి సీరియల్ నెట్‌ఫ్లిక్స్ చేతికి వెళ్లింది.

ఇంతకీ ర్యాంకులకు కొలమానం ఏమిటి? ఎక్కువమంది జోస్యం చూస్తారు. బ్రూకర్ ఊహించినదాంట్లో ఏది నిజమైందని లెక్కలు వేస్తారు. ఆ లెక్క ప్రకారం రోబో కుక్క మనిషిని వేటాడే ‘మెటల్‌హెడ్’ పైకి రావాలి. బోస్టన్ డైనమిక్స్ వాళ్ల నాలుగు కాళ్ల యంత్రాలను చూశాకే ఆ ఊహ పుట్టింది మరి. నలుపు తెలుపులో తీసిన ఆ ఎపిసోడ్ కంటికి బాగుంటుంది. కానీ అది మొత్తం ఒక పరుగు. పరిగెత్తుతున్న మనిషి గురించి మనకు తెలిసేది తక్కువ. ఇంకొందరు చివరి మలుపును బట్టి మార్కులు వేస్తారు. మలుపు ఒక్కసారే పనిచేస్తుంది. రెండోసారి చూసినప్పుడు కూడా నిలబడే కథకు వేరే బలం ఉండాలి.

ఆ బలం ఒక్క ప్రశ్నలో తేలిపోతుంది. ఆ యంత్రాన్ని ఎవరు, ఎందుకు చేతిలోకి తీసుకున్నారు? దుర్మార్గుడు తీసుకుంటే అది మామూలు విలన్ కథ. ప్రభుత్వం రుద్దితే మనకు భయం వేస్తుంది కానీ సిగ్గు వేయదు. మనలాంటి మనిషే దుఃఖంతోనో, అనుమానంతోనో, ప్రేమతోనో తనంతట తాను కొని తెచ్చుకుంటే మాత్రం ఆ కథ నుంచి తప్పించుకోలేం. బ్లాక్ మిర్రర్‌లో గొప్పవన్నీ ఈ మూడో రకమే. ఈ తక్కెడలో తూస్తే మొదటి స్థానం 2013లో వచ్చిన ‘బీ రైట్ బ్యాక్’ది. అందులో సందేహం లేదు.

మార్తా, యాష్ పల్లెటూరి ఇంట్లోకి కొత్తగా మారిన జంట. మరుసటి రోజే యాష్ రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. అతను ఎప్పుడూ ఫోన్‌లో ఏదో ఒకటి రాస్తూ, పెడుతూ ఉండేవాడు. ఆ రాతలన్నీ పోగుచేసి అతనిలాగే జవాబులిచ్చే సేవ ఒకటి ఉందని స్నేహితురాలు చెబితే మార్తా మొదట మండిపడుతుంది. తాను గర్భవతినని తెలిసిన రోజు మాత్రం ఆగలేకపోతుంది. మొదట మెసేజులు, తర్వాత ఫోన్‌లో అతని గొంతు, ఆ తర్వాత డబ్బు కడితే పెట్టెలో వచ్చే బొమ్మ శరీరం. ఒక్కో మెట్టూ ఆమె ఎక్కిందే. ఎవరూ తోయలేదు.

ఆ శరీరం యాష్‌లాగే ఉంటుంది, యాష్‌లాగే జోకులు వేస్తుంది. రాత్రి మాత్రం కళ్లు తెరుచుకునే పడుకుని ఉంటుంది. విసిగిపోయిన మార్తా ఒకరోజు దాన్ని కొండ అంచుకు తీసుకెళ్లి దూకమంటుంది. సరేనంటుంది అది. అసలు యాష్ అయితే దూకేవాడు కాదు, ఏడ్చేవాడు, బతిమాలుకునేవాడు అంటుంది మార్తా. ఆ మాట వినగానే ఆ బొమ్మ ఏడవడం, చంపొద్దని బతిమాలడం మొదలుపెడుతుంది. హేలీ అట్‌వెల్ ముఖంలో ఆ క్షణంలో కనిపించే నిస్సహాయత కోసమైనా ఈ ఎపిసోడ్ చూడాలి. అది నిజమైన ఏడుపు కాదని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. అయినా ఆమె తోయలేదు.

ఈ కథ వచ్చిన మూడేళ్లకే యూజీనియా కుయ్‌డా అనే రష్యన్ సాఫ్ట్‌వేర్ వ్యాపారి, కారు ప్రమాదంలో చనిపోయిన తన మిత్రుడి పాత మెసేజులతో చాట్‌బాట్ తయారుచేసింది. 2020లో దక్షిణ కొరియా టీవీ డాక్యుమెంటరీ ఒకటి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ పాప రూపాన్ని వర్చువల్ రియాలిటీలో నిలబెట్టింది. ఆ తల్లి గాల్లోకి చేతులు చాపి పాపను తడుముతున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. జోస్యం ఫలించిందని మార్కులు వేసేవాళ్లు దీన్ని చూపిస్తారు. ‘బీ రైట్ బ్యాక్’ గొప్పతనం అది కాదు. పోయిన మనిషి గొంతు మరొక్కసారి వినాలని ఎవరికి ఉండదు? ఆ కోరికలో తప్పేమీ లేదని ఒప్పుకుంటూనే, దాన్ని అమ్మకానికి పెడితే దుఃఖానికి గడువంటూ లేకుండా పోతుందని ఈ కథ చూపిస్తుంది.

రెండో స్థానానికి 2011 నాటి ‘ది ఎంటైర్ హిస్టరీ ఆఫ్ యూ’ రావాలి. చెవి వెనక అమర్చిన చిన్న గింజలాంటి పరికరం మనిషి చూసినదీ విన్నదీ అంతా రికార్డు చేస్తుంది. కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, గోడ మీద తెరపై నలుగురికీ చూపించవచ్చు. లియామ్ అనే లాయరు ఒక విందులో తన భార్య వేరే అతని జోకుకు నవ్వడం గమనిస్తాడు. ఆ జోకు అంత నవ్వొచ్చేది కాదు. ఇంటికొచ్చాక ఆ నవ్వును వెనక్కి తిప్పి, ఆపి, పెద్దది చేసి చూస్తాడు. మళ్లీ చూస్తాడు. పిల్లను చూసుకోవడానికి వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, నువ్వే చెప్పమంటాడు. భార్యాభర్తల గొడవల్లో అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా అనే మాట రాని ఇల్లుండదు. ఆ మాటకు సాక్ష్యం దొరికితే కాపురం నిలుస్తుందా అన్నది కథ. లియామ్ అనుమానం నిజమా కాదా అన్నది అసలు విషయం కాదు, నిజం చేతికొచ్చాక అతనికి ఏం మిగిలిందన్నదే విషయం. బ్రూకర్ పేరు రచయితగా లేని ఎపిసోడ్ ఇది. రాసింది జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్. తర్వాత ‘సక్సెషన్’ రాసిందీ ఆయనే.

మూడోది కొత్తది. 2025లో వచ్చిన ‘కామన్ పీపుల్’. స్కూలు టీచరు అమాండా తరగతి గదిలోనే కుప్పకూలుతుంది. మెదడులో గడ్డ. రివర్‌మైండ్ అనే కంపెనీ పాడైన భాగాన్ని తీసేసి, దాని పనిని తమ సర్వర్ నుంచి నడిపిస్తామంటుంది. ఆపరేషన్ ఉచితం. నెలకు 300 డాలర్లు కడుతూ ఉంటే చాలు. వెల్డింగ్ పని చేసుకునే భర్త మైక్ ఓవర్‌టైమ్ చేసైనా కడతానని సంతకం పెడతాడు. ఎవరైనా పెడతారు. కొన్నాళ్లకు కవరేజీ లేని ఊరికి వెళ్తే అమాండా స్పృహ తప్పుతుంది. ఇంకొన్నాళ్లకు ఆమె నోట్లోంచి, ఆమెకు తెలియకుండానే ప్రకటనలు వస్తుంటాయి. ఇంట్లో ఇబ్బంది చెప్పుకోవడానికి వచ్చిన విద్యార్థికి ఓదార్పు మాట చెప్పాల్సిన చోట, ఒక కౌన్సెలింగ్ సంస్థ ప్రకటన వినిపిస్తుంది. ప్రకటనలు వద్దంటే ఇంకా ఖరీదైన ప్లాన్ తీసుకోవాలి.

ఇది అతిశయోక్తి అనిపిస్తే ఒక నిజం చెప్పుకోవాలి. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ, రెటీనా జబ్బుతో చూపు పోయినవాళ్ల కంట్లో ఆర్గస్ అనే ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమర్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా దాన్ని పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ ఆ పరికరాన్ని ఆపేసింది, 2020లో దివాలా అంచుకు వెళ్లింది. పరికరం మాత్రం మనుషుల కళ్లలో అలాగే ఉంది. పాడైతే బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. నెలవారీ చందాతో సినిమాలు చూపించే నెట్‌ఫ్లిక్సే, ప్రకటనలతో కూడిన చౌక ప్లాన్‌ను 2022లో తెచ్చిన నెట్‌ఫ్లిక్సే, చందా మనిషి ప్రాణం మీదికి తెచ్చే ఈ కథను ప్రసారం చేయనిచ్చింది. ఆ మేరకు దాన్ని మెచ్చుకోవాలి.

మరి ‘శాన్ జునిపెరో’ సంగతేమిటి? చాలామంది జాబితాల్లో దానిదే మొదటి స్థానం. 2017లో రెండు ఎమ్మీలు తెచ్చింది. 1987 నాటి సముద్రతీర పట్నంలో ఇద్దరు అమ్మాయిల ప్రేమకథగా మొదలై, ఆ పట్నం వృద్ధులూ మరణించినవాళ్లూ యవ్వనంలో గడిపే కంప్యూటర్ లోకమని తెలిసేదాకా మెల్లగా నడుస్తుంది. భయపెట్టడమే పనిగా పెట్టుకున్న సీరియల్‌లో చల్లని గాలిలాంటి కథ. అందుకే అంత ప్రేమ. అయినా దానికి నాలుగో స్థానమే సరి. నలభై తొమ్మిదేళ్లు కాపురం చేసిన భర్త, తమ బిడ్డకు దక్కని లోకం తనకెందుకని వద్దనుకుని వెళ్లిపోయాడని ఆ ఇద్దరిలో ఒకరైన కెల్లీ చెప్పే సన్నివేశం ఈ సీరియల్ మొత్తంలో ఎన్నదగినవాటిలో ఒకటి. అంత బరువైన ప్రశ్న వేసిన కథ, చివరికొచ్చేసరికి దానికి జవాబు చెప్పకుండా పాట అందుకుంటుంది. ఆనందం మిగులుతుంది, జవాబు మిగలదు.

కొన్ని ఎపిసోడ్ల స్థానం కాలంతోపాటు మారుతుంది. ఎలుగుబంటి కార్టూన్ బొమ్మ ఉప ఎన్నికలో నిలబడి నాయకులను బూతులు తిట్టి ఓట్లు సంపాదించే ‘ది వాల్డో మూమెంట్’ 2013లో అందరి జాబితాల్లో అడుగున ఉండేది. 2016 అమెరికా ఎన్నికల తర్వాత దాన్ని మళ్లీ తీసి చూశారు. కథగా అది ఇప్పటికీ పలచనే, విషయంగా మాత్రం బరువెక్కింది. ‘నోస్‌డైవ్’ది ఇంకో తీరు. ప్రతి మనిషికీ ఐదింటికి ఇన్నని మార్కులుండే లోకంలో, 4.2 ఉన్న లేసీ 4.5కు చేరితే మంచి ఇల్లు తక్కువ అద్దెకు దొరుకుతుంది. అందుకోసం ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ నవ్వు ముఖం పెడుతుంది. అన్నం పొట్లం చేతికిచ్చి, సార్ ఫైవ్ స్టార్ ఇవ్వండి అని అడిగే డెలివరీ కుర్రాడి బతుకు ఆ అంకెల మీదే ఆధారపడి ఉందని తెలిసినవాళ్లకు లేసీ నవ్వు వెనక ఉన్న భయం ఇట్టే అర్థమవుతుంది.

2023 జూన్‌లో వచ్చిన ‘జోన్ ఈజ్ ఆఫుల్’ ఎదిగినంత వేగంగా మరేదీ ఎదగలేదు. ఆ రోజు తను ఏం చేసిందో రాత్రికల్లా టీవీలో సీరియల్‌గా వస్తుంటే జోన్ నిర్ఘాంతపోతుంది. ఆ సీరియల్‌లో ఆమె పాత్రలో సల్మా హాయెక్. ఆ నటి కూడా నటించలేదు, తన రూపాన్ని కంప్యూటర్‌కు అమ్ముకుంది. నెల తిరిగేలోపే హాలీవుడ్ నటులు సమ్మెకు దిగారు. వాళ్ల డిమాండ్లలో తమ డిజిటల్ రూపాల మీద హక్కు ఒకటి. ఆ నవంబర్‌లోనే రష్మిక మందన్న ముఖం అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో నిందితుడిని పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. నవ్విస్తూ సాగే ఈ ఎపిసోడ్‌కు మొదటి పదిలో చోటివ్వాల్సిందే.

భవిష్యత్తుతో పనే లేని కథ ఒకటుంది. ‘షటప్ అండ్ డాన్స్’. ల్యాప్‌టాప్ కెమెరా ద్వారా తన రహస్యం ఎవరికో చిక్కిందని తెలిసిన కుర్రాడు, ఫోన్‌లో వచ్చే ప్రతి ఆజ్ఞనూ పాటిస్తూ ఊరంతా పరిగెడతాడు. అందులో ఇప్పుడు లేని యంత్రం ఒక్కటీ లేదు. డిజిటల్ అరెస్ట్ పేరుతో వీడియో కాల్‌లో నకిలీ పోలీసులు బెదిరిస్తే చదువుకున్నవాళ్లు, రిటైరైన ఉద్యోగులు కూడా గదిలోంచి కదలకుండా గంటల కొద్దీ కూర్చుని, దాచుకున్నదంతా పంపించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ప్రధాని 2024 అక్టోబర్‌లో ‘మన్ కీ బాత్’లో ఈ మోసం గురించి ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది. అంత తెలివైనవాళ్లు ఎలా లొంగిపోయారని ఆశ్చర్యపోయేవాళ్లకు ఈ ఎపిసోడ్ జవాబు చెబుతుంది. భయపడ్డ మనిషి ఆలోచించడు, ఆజ్ఞ పాటిస్తాడు.

‘ఫిఫ్టీన్ మిలియన్ మెరిట్స్’కూ పైవరసలోనే చోటు. సైకిళ్లు తొక్కి మార్కులు సంపాదించే జనం, ఆ మార్కులతో టికెట్ కొనుక్కుని వెళ్లే టాలెంట్ షో. అందులో డేనియల్ కలూయా నటన చూసే జోర్డాన్ పీల్ తన ‘గెట్ అవుట్’కు అతన్ని ఎంచుకున్నాడు. ‘డీమన్ 79’లో సాంకేతికత దాదాపు లేదు. 1979 నాటి ఇంగ్లండ్‌లో చెప్పులు అమ్మే పని చేసే దక్షిణాసియా మూలాలున్న అమ్మాయి, చుట్టూ జాతి ద్వేషం, ఆమెను వెంటాడే ఓ భూతం. చెన్నైలో పుట్టిన అంజనా వాసన్ ఆ పాత్రను నిలబెట్టింది. ఇక అడుగున ‘మేజీ డే’, ‘క్రొకడైల్’. మొదటిదాంట్లో కథ సగంలో దారి తప్పుతుంది. రెండోదాంట్లో హత్య మీద హత్య జరుగుతుంటుంది కానీ, చేసే మనిషి మనకు అర్థం కాదు.

‘బ్యాండర్‌స్నాచ్’కు ర్యాంకు ఇవ్వడం కుదరదు. హీరో ఏం చేయాలో ప్రేక్షకుడే రిమోట్‌తో నిర్ణయించే సినిమా అది. ఇద్దరు చూస్తే రెండు కథలవుతాయి. 2019లో ఎమ్మీ గెలిచిన ఆ సినిమాను నెట్‌ఫ్లిక్స్ 2025 మేలో తన సైట్ నుంచి తీసేసింది.

తెలుగులో ఇలాంటి ప్రయత్నం లేకపోలేదు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చిన ‘పిట్ట కథలు’లో నాగ్ అశ్విన్ తీసిన ‘ఎక్స్‌లైఫ్’ ఉంది. జనమంతా వర్చువల్ లోకానికి అలవాటుపడిన భవిష్యత్తులో శ్రుతి హాసన్ ప్రధాన పాత్రగా నడిచే చిన్న కథ. ఊహ పెద్దదే, కానీ ఆ లోకంలోకి జనం ఎందుకు వెళ్లారో మనసుకు తాకేలా చెప్పే తీరిక దానికి దొరకలేదు. మన ఇళ్లలో, మన మాటల్లో పుట్టే ఇలాంటి కథలు తెలుగులో ఇంకా రావాల్సి ఉంది.

కొత్తగా చూడబోయేవాళ్లు ‘బీ రైట్ బ్యాక్’తో మొదలుపెట్టి, ‘నోస్‌డైవ్’, ‘కామన్ పీపుల్’ చూసి, తర్వాత ‘ది ఎంటైర్ హిస్టరీ ఆఫ్ యూ’కు వెళ్తే మంచిది. ‘వైట్ బేర్’ అనే మరో ఎపిసోడ్ గురించి ముందుగా, ‘షటప్ అండ్ డాన్స్’ గురించి ఇక్కడ చెప్పినదానికి మించి ఎక్కడా చదవకండి, ఎవరినీ అడగకండి. ఒక్క రాత్రిలో రెండు మూడు చూసేయకండి. పిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి, ఇవి వాళ్ల కోసం తీసినవి కావు. ‘ది నేషనల్ ఆంథెమ్’ను చివరికి ఉంచుకోండి.